కడగని ముప్పై నిమిషాలు

చి. ల. సౌ. పిచ్చుకకి నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ అమ్మ తుమ్ములూ క్షేమం. నువ్వు వేళకి తిని వేళకి నిద్రపోతున్నావని తలుస్తాను. 'తలుస్తాను' అనే రాశాను చూడు, 'నమ్ముతాను' అని రాయలేదు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు ప్రశ్నలే. "ఫార్మసీ చదవమని పంపితే ఇది ప్లీడరయ్యేలా ఉంది" అంది మీ అమ్మ. నీ పాత కళ్లజోడు దొరికింది. కుట్టుమిషను సొరుగులో ఉంది. అక్కడికెలా వెళ్లిందో దానికే తెలియాలి.

అమ్మ అలర్జీ మాత్ర వేసుకుని కుర్చీలోనే కునుకు తీస్తోంది, మీ ల్యాబులో ఆ జాతి మందే పీత కండరాన్ని మొద్దుబారుస్తోంది కదా, మాత్రలు మానేయమందామా అని అడిగావు. మా ల్యాబు నడిపే మేడంగారిని అడిగాను. ఆవిడ నవ్వారు. "మనం తొట్టిలో పోసేదానికీ, మాత్ర మింగితే రక్తంలో చేరేదానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉందండీ. ఆవిడ కునుకు సంగతి వేరు. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ని ఆ మాత్ర అడ్డుకుంటుంది. వేసుకున్నాక పొయ్యి దగ్గరికి వెళ్లొద్దని చెప్పండి, డాక్టరు రాసినన్ని రోజులే వాడమనండి" అన్నారు. ఇంటికొచ్చి చెప్తే, "నేను నిద్రపోవడం లేదు, కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాను" అంది మీ అమ్మ. ఆ ఆలోచనలకి గురక కూడా ఉంది.

ఇక నీ సెమినార్ సంగతి. పీత కాలి కండరం గురించి మొదటినుంచి చెప్పమన్నావు. చిన్న తొట్టిలో ఉప్పునీళ్లు, అందులో కండరం, దాని కొసకి దారం, దారానికి అవతల కాగితం చుట్ట మీద గీసే పెన్ను. గ్లుటమేట్ పోస్తే కండరం ముడుచుకుంటుంది, పెన్ను పైకి లేస్తుంది. గాబా కూడా పోస్తే అది ఊరుకోమంటుంది, పెన్ను కిందికి దిగుతుంది. రెండూ అమైనో ఆమ్లాలే, ఒకటి లేపేది, ఒకటి పడుకోబెట్టేది. మధ్యలో అలర్జీ మందు పోస్తే కండరం ఇద్దరి మాటా సగమే వింటుంది, టీవీ ముందు కూర్చున్న నాలాగా. పీతకి హిస్టమిన్ ఇవ్వకుండానే ఇది జరుగుతోంది కాబట్టి, మందు ఇంకో దారిలో కూడా పనిచేస్తోందని మేడంగారి వాదన. ఇంతవరకు గట్టిదే. ధైర్యంగా చెప్పు.

"మందు కడిగేశాక కూడా స్పందన తిరిగి రాలేదన్నావు కదా నాన్నా, ఇరవై రెండో తారీకున సెమినార్‌లో అదే చెప్తాను, మా నాన్నే స్వయంగా చేశారని కూడా చెప్తాను" అని రాశావు. చెప్పకు తల్లీ. అది నమ్మదగింది కాదు. తప్పు నాది.

ఆ వారం మేడంగారు మీటింగులకి వెళ్తూ కడిగే పని నాకు అప్పజెప్పారు. కొత్తగా ఉప్పునీళ్లు చుక్కచుక్కగా నలభై నిమిషాలు పారించాలి. పైన వేలాడే సీసా పది నిమిషాలకి ఖాళీ అవుతుంది. పెట్టేది నాలుగు సీసాలు. సీసా పెట్టినప్పుడల్లా కాగితం మీద పెన్సిల్‌తో ఒక గీత గీయాలి. ఎదురింట్లో పరుపుల దూది ఏకిస్తున్నారని రాశాను కదా, ఆ రోజుల్లోనే నాకూ తుమ్ములు పట్టుకున్నాయి. నేను తుమ్మితే బల్ల అదిరి పెన్ను కొండలు గీస్తుంది. అందుకని మీ అమ్మ డబ్బాలోంచి ఒక మాత్ర తీసి, భోజనం కాగానే వేసుకున్నాను. తొట్టిలో పోసిన మందూ, నేను మింగినదీ ఒక్క జాతివే.

కుర్చీలో నిద్రపోయాను. లేచేసరికి గంట గడిచింది. సీసా ఖాళీ, పెన్ను సాపుగా గీస్తోంది. నేను పెట్టింది ఒక్క సీసా. మిగతా మూడు సీసాలూ పెట్టకుండానే, వాటి గీతలు లేచాక గీసేశాను. గ్లుటమేట్ పోసి చూస్తే పెన్ను సరిగ్గా లేవలేదు. 'నలభై నిమిషాలు కడిగాను, తిరిగి రాలేదు' అని పుస్తకంలో రాశాను. మందు పట్టు శాశ్వతమని తేలిందని మేడంగారు సంబరపడ్డారు. రెండో రోజూ అంతే. మూడో రోజు నిద్ర వస్తుందని తెలిసే మాత్ర మింగాను. మెలకువగా ఉండి నాలుగు సీసాలూ పోస్తే ముందు రాసిన రెండూ అబద్ధమని తేలుతుందేమోనని భయం.

నీ ఉత్తరం చదివాక మరునాడు నోటికీ ముక్కుకీ తువ్వాలు కట్టుకుని, మాత్ర వేసుకోకుండా కూర్చుని, కొత్త కండరాన్ని నలభై నిమిషాలూ కడిగాను. మూడో సీసా సగంలో ఉండగానే పెన్ను లేవడం మొదలుపెట్టింది. నాలుగోది అయ్యేసరికి దాదాపు మొదట లేచినంతా లేచింది. చాలా సిగ్గేసింది.

ఆ చార్టు పట్టుకుని మేడంగారి గదికి వెళ్లి, నిలబడే అంతా చెప్పాను. ఈ ప్రయోగాల పేపరు సైన్సు పత్రికకి పంపి అప్పటికి పన్నెండు రోజులు. ఆవిడ చాలాసేపు చార్టే చూశారు. "పందొమ్మిదేళ్లుగా మీ గీతల్ని నేనెప్పుడూ సరిచూడలేదు" అన్నారు. తిట్టినా బాగుండేది. పేపరు ఆపమని అప్పుడే ఉత్తరం రాశారు. కడిగే ప్రయోగాలన్నీ మళ్లీ చేస్తున్నాం. ఇకమీదట నేను పెట్టే ప్రతి గీత పక్కనా ఇంకొకరు సంతకం పెట్టాలి. అది న్యాయమే. మీ అమ్మకి చెప్తే, "నన్నడక్కుండా నా మాత్రలు తిన్నారా?" అంది.

మేడంగారికి చెప్పడానికి ఒక్క రోజు పట్టింది. నీకు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆవిడ దగ్గర పోయేది ఉద్యోగమే కదా.

సెమినార్‌లో ఆ వాక్యం కొట్టేసి గమ్మున ఊరుకోకు. తిరిగి వస్తుందో రాదో ఇంకా తేలలేదు, మళ్లీ చేస్తున్నారు అని చెప్పు. ఎందుకని అడిగితే, కడగాల్సినంతసేపు కడగలేదని చెప్పు. కడిగింది మీ నాన్న అని చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెప్పకపోతే నొచ్చుకోను. చెప్తే మాత్రం తల వంచుకుని చెప్పకు.

ఇట్లు,
నీకు ఆలస్యంగానైనా నిజం రాసిన
మీ నాన్న