గోడ తిరగని బొమ్మ

ఫిబ్రవరి 3
గియాన్యార్ ఆసుపత్రికి వెళ్ళి కళ్ళు చూపించుకొచ్చాను. దగ్గరి చూపు ఇక తిరిగి రాదట. సన్న కుంచె పక్కన పెట్టేయమన్నాడు డాక్టర్, ఉప్పు తగ్గించమన్నంత తేలిగ్గా. ముప్ఫై ఏళ్ళుగా నేను వేసినవన్నీ అరచేతిలో ఇమిడే బొమ్మలే. అవి కాకపోతే నేనెవర్ని? బండి మీద వస్తుంటే మా అమ్మాయి సుతారి, అయితే పెద్దవి వెయ్యమ్మా, దూరం నుంచి కనపడతాయిగా అంది. దానికి అన్నీ సులువే.

ఫిబ్రవరి 9
ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. మా ఆయన గాట్రా వసారాలోనే ఫ్రేమ్ బిగించాడు. గుడ్డకు బియ్యపు గంజి పట్టించి గవ్వతో రుద్దాం. అరచేతి బొమ్మకైతే పది నిమిషాల పని. దీనికి మూడు రోజులు. భుజాలు పడిపోయాయి. గంజి బాగా మందమైంది. కడిగి మళ్ళీ పట్టించే ఓపిక లేదు.

ఫిబ్రవరి 27
నాన్న నేర్పినట్టే ఎడమ మూల నుంచి మొదలుపెట్టాను. బియ్యపు గింజంత ఖాళీ కూడా వదలకూడదనేవాడు. ఖాళీ ఉంటే ఏదో ఒకటి వచ్చి దూరుతుందట. ఆకు, ఆకు మీద ఆకు. నా కంటికి ఆకులు ఆనటం లేదు, చెయ్యి అలవాటు కొద్దీ వేస్తోంది. రెండు వారాలకు దిండంత మేర నిండింది. మరిది న్యోమన్ వచ్చి చూసి, వదినా, మిగతాది వచ్చే జన్మలోనా అన్నాడు. నవ్వు రాలేదు. తలనొప్పి.

మార్చి 4
ముట్టుకోలేదు.

మార్చి 5
ఇవాళా అంతే.

మార్చి 11, పొద్దున్న
వాకిలి ఊడుస్తున్నాను. చేతిలో కొబ్బరి ఈనెల చీపురు. ఏం పుట్టిందో, దాన్ని నల్ల సిరాలో ముంచి క్యాన్వాస్ కుడివైపు పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాను. ఏరు దిగింది. మా లోయలో ఏరే, వానాకాలంలోది. భుజంతో కూడా గీత గీయొచ్చని యాభై రెండేళ్ళకు తెలిసింది.

పదడుగులు వెనక్కి వెళ్ళి చూశాను. కనపడింది. మొత్తం కనపడింది! నిలబడి ఏడ్చాను. తర్వాత సిగ్గేసి దుప్పటి కప్పేశాను. ఏటి చుట్టూ అంత తెలుపు మిగిలిపోయింది. నాన్న ఉంటే అదే చీపురు తిరగేసేవాడు.

మార్చి 20
ఉబుద్ గ్యాలరీ నుంచి లారాస్ గారు వచ్చారు. వాకిలి చివరిదాకా వెనక్కి వెళ్ళి చూశారు. తెలుపు ఇంకా నింపాలండీ అన్నాను. ఆ ఒక్కటీ చేయకండి, ఇలాగే ప్రదర్శనలో పెడతాను అన్నారు. జావా నుంచి వచ్చిన మనిషి, మా పద్ధతి ఈవిడకేం తెలుసు అని ఒళ్ళు మండింది. కానీ నింపలేదు.

మార్చి 26
లారీ వచ్చింది. ఆరుగురు ఎత్తారు. తీరా వీధి గుమ్మానికి ఎదురుగా, లోపలివైపు అడ్డుగోడ. ఫ్రేమ్ ఎటు వంచినా తిరగదు. రోజూ ఆ గోడ చుట్టే తిరిగి వస్తాం, వెళ్తాం. నేనూ ఆలోచించలేదు, బిగించిన మహానుభావుడూ ఆలోచించలేదు.

గుడ్డ ఊడదీసి చుడదామంటే మందం గంజి, పెంకులు పెంకులుగా రాలుతుంది. ప్రహరీ మీద నుంచి దాటిద్దామంటే అవతల పొరుగువాళ్ళ ఇంటి గుడి, దాని నెత్తి మీదుగా ఏదీ పోకూడదు. న్యోమన్ పగలబడి నవ్వాడు. దయ్యాలు మలుపు తిరగలేవనే కదా ఈ గోడ కట్టింది, నీ బొమ్మా మలుపు తిరగట్లేదు వదినా, మరి ఇది ఏ జాతి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలిసిపోయి.

లారీ ఖాళీగా పోయింది. ఆదివారం మళ్ళీ వస్తుంది, అదే ఆఖరు. కుదరకపోతే పాత చిన్న బొమ్మలు ఇవ్వండి చాలు అన్నారు లారాస్ గారు ఫోన్‌లో. ఆ మాట గుచ్చుకుంది.

మార్చి 28
గాట్రా తాడుతో కొలిచాడు. పొడవు అడుగున్నర తగ్గితే తిరుగుతుందట. ఏ వైపు కోయమంటావ్ అని అడిగి తల దించుకున్నాడు. కుడివైపు ఏరు. ఎడమవైపు రెండు వారాల ఆకులు, నాన్న ఆకులు.

రంపం నేనే పట్టాను.

మార్చి 30
బొమ్మ వెళ్ళిపోయింది. ఆకుల ముక్కను అడ్డుగోడకు తగిలించాను. నాకు ఒక్క ఆకూ కనపడలేదు. వచ్చే దయ్యాలకు కనపడుతుందేమో.