సర్కారు దగ్గర ఉండిపోయిన తాయెత్తు

తేదీ: 14-9-1964
జమ్మికుంట స్టేషనుకు రెండు మైళ్ల దూరంలోని ఊరి నుండి

నూతన ఔషధ పరీక్షాధికారి గారి సముఖమునకు,
విడిది: డాక్ బంగళా, కరీంనగరం.

అయ్యా,

విషయం: మతి స్థిమితం లేని నా తమ్ముడు సాంబయ్యను కొత్త మాత్రల పరీక్షలో చేర్చుకొనుట, లేనిచో వదిలిపెట్టుట గురించి.

మగ్గం నేసి బతికే వేముల రాయమల్లు వినయంతో వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. గత జనవరిలో నూలు మూటకు చుట్టి వచ్చిన పత్రిక కాగితంలో తమ ప్రకటన చదివినాను. మనోవ్యాధికి కొత్తగా వచ్చిన మాత్రలను పరీక్షించుటకు నలభై మంది రోగులు కావలెనని, ప్రతి నెల మొదటి సోమవారం డాక్ బంగళాలో హాజరు కావలెనని అందులో ఉన్నది. సర్కారుకు కావలసిన మనిషి మా ఇంట్లో ఒకడున్నాడని అంతవరకు మాకు తెలియదు.

2. సాంబయ్యకు ఇరవై ఆరేండ్లు. మంచి పనివాడు. మూడేండ్ల నుండి మగ్గం గుంతలో కాళ్లు పెట్టడు. గుంతలో నుండి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారంటాడు. ఆ పిలుపు పడలేక రెండుసార్లు రైలు పట్టాల మీదికి పోయినాడు. రెండుసార్లూ గ్యాంగుమన్లు పట్టుకొచ్చినారు. మూడోసారి వారు డ్యూటీలో ఉంటారో లేదో చెప్పలేము. ఈ అర్జీకి కారణం ఇదే. మిగతాదంతా కాగితాల సంగతి.

3. ఫిబ్రవరిలో తమ్ముణ్ణి తీసుకొని హాజరైనాను. తమ గుమాస్తా గారు అడిగినారు:

"ఏమయ్యా, ఇంతకు ముందు వైద్యం ఏమన్నా చేయించారా?"

"లేదు సార్. కొండగట్టు మీద నలభై ఒక్క రోజులు ఉన్నం, గంతే."

"అదీ వైద్యమేగా! ఆరు నెలల్లోపు వేరే చికిత్స పొందినవాళ్లు పనికిరారు."

"ఆంజనేయస్వామి మాత్రలియ్యలే సార్."

"ఏమిచ్చాడని కాదయ్యా. నయం కావాలని వెళ్లారా, లేదా?"

వెళ్లినామని ఒప్పుకున్నాను. అంతలో వారికి తమ్ముని దండచేతికి ఎర్రదారంతో కట్టిన రాగి తాయెత్తు కనబడింది. అది కొండ మీద మమ్ముల కన్న మా అవ్వ శంకరవ్వ కట్టించినది. "చికిత్స ఇంకా నడుస్తోందన్నమాట" అని, ఫైళ్ల పురికోస కత్తిరించే కత్తెరతో దాన్ని కత్తిరించి, రుజువు కింద ఫైలుకు గుండుసూదితో గుచ్చినారు. కట్టినప్పటి నుండి పిలుపు కొంచెం దూరంగా వినబడుతున్నదని తమ్ముడు అనేవాడు. ఆ మాట వారికి చెప్పలేదు. చెబితే గుణం కనిపించిందని రాసుకునేవారు.

4. ఆ చికిత్స వలన ఫలితం లేదని కొండ మీది నుండి సర్టిఫికెటు తెస్తే ఆలోచిస్తామన్నారు. పోయినాను. అక్కడి పూజారయ్య నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నిదానంగా అన్నారు:

"నలభై ఒక్క దినాలు ఉన్నడని రాసిస్త. ఎవ్వల జోలికి పోలేదని గూడ రాసిస్త. నయం గాలేదని స్వామి మీద నేను సంతకం పెడ్తనా బిడ్డా?"

వారు చెప్పినది న్యాయమే. ఇచ్చిన కాగితం తెచ్చి దాఖలు చేసినాను. గుమాస్తా గారు సంతోషించినారు. చికిత్స జరిగినట్లు ఇంతకాలం నోటిమాట మాత్రమే ఉండెనట, ఇప్పుడు రాతపూర్వకంగా రుజువైందట.

5. ఇక ఆరు నెలలు ఏ వైద్యమూ లేకుండా ఉంచి ఆగస్టులో తీసుకురమ్మని, నడుమ ఏది చేయించినా పేరు కొట్టివేస్తామని ఆజ్ఞ అయింది. ఈ ఆజ్ఞను మేము పాటించినట్లు తాలూకాలో ఎవరూ ఏ ఆజ్ఞనూ పాటించి ఉండరు. తమ్ముని పేరు తమ రిజిస్టరులో ఉన్నందున కరీంనగరం డాక్టరు గారు కూడా మందు ఇయ్యలేదు. మా అవ్వ అడిగింది:

"ఇంత ఇబూతి పెడ్తెనన్న తప్పా కొడుకా?"

"తప్పే అవ్వా. కండ్లద్దాలు పెట్టుకొని సూస్తరు."

"మందియ్యనోళ్లకు ఇబూతి మీద కండ్లెందుకురా?"

దీనికి జవాబు తమ దగ్గర ఉంటే తెలుపగలరు.

వానకాలంలో పిలుపు ఎక్కువైంది. నేను నూలు తాడు పేని తమ్ముని కాలును మగ్గం గుంజకు కట్టి పని చేసుకున్నాను. తాడు చికిత్స కిందికి వస్తుందా రాదా అని తమ కచేరిలో అడగలేదు. వస్తుందంటారని భయం.

6. ఆగస్టు మొదటి సోమవారం హాజరైనాను. నలభై మంది నిండినారని చెప్పినారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి, చెప్పిన చోట కూర్చుని, వేళకు పడుకునే రోగులను ముందుగా తీసుకున్నారట. అన్నీ వేళకు చేసేవాడైతే నేను రెండు బస్సులు మారి ఎందుకు తెస్తాను? ఆ నలభై మందిలో మా పక్క ఊరి పటేలు అల్లుడు ఒకడు. పొద్దెక్కినా లేవడనేది ఆయన జబ్బు. మాత్రలిచ్చే ఆస్పత్రిలో పాలు, గుడ్లు మంచిగా ఇస్తున్నారని కార్డు రాసినాడు.

గుమాస్తా గారు నన్ను ఓదార్చినారు కూడా. "బాధపడకయ్యా. ఆ నలభైమందిలో సగంమందికి ఇచ్చేవి ఉత్త పిండి మాత్రలే. తేడా తెలియడానికి అలా ఇస్తారు" అన్నారు. ఉత్త పిండి అయినా సర్కారు పిండి. అది కూడా మాకు దొరకలేదు.

7. తమ్ముని పేరు రెండో జట్టులో ఉన్నదట. రెండో జట్టు ఎప్పుడో ఢిల్లీ నుండి తెలియాలట. అందాకా వైద్యం బంద్.

కావున కోరునది: తమ్ముణ్ణి వెంటనే చేర్చుకొని, మాత్రో పిండో తమ ఇష్టం వచ్చినది ఇయ్యవలెను. అది కుదరనిచో వాని పేరు కొట్టివేసి, ఇకమీదట వీడు ఎవరి దగ్గరనైనా ఏ వైద్యమైనా చేయించుకొనవచ్చునని ముద్ర వేసిన కాగితం ఇయ్యవలెను. ముద్ర లేనిదే డాక్టరు గారు నమ్మరు.

పై సంగతులు తమకు తీరిక దొరికినప్పుడు కాక, రైలు వచ్చే లోపల చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వేముల రాయమల్లు

మరచిన మనవి: రెండు కోరికలూ కుదరకపోతే తాయెత్తయినా పంపించండి. ఫైలులో మూడో కాగితానికి ఎడమ పక్కన ఉన్నది. ఆగస్టులో చూసినాను, గుండుసూది తుప్పు పట్టింది. గుండుసూది సర్కారుది, ఉంచుకొనవచ్చును.

తాయెత్తు ఏదని తమ్ముడు రోజూ అడుగుతున్నాడు. సర్కారు దగ్గరున్నదని చెబితే, "పాపం, సర్కారును గూడ పిలుస్తుండ్రా అన్నా?" అన్నాడు. ఇప్పుడు ఈ అర్జీ రాస్తుంటే పక్కనే కూర్చున్నాడు. "సర్కారుకు పానం మంచిగైందా అని అడుగు. కాకుంటె ఇంకొన్నొద్దులు ఉంచుకొమ్మను. నేను ఎట్లనన్న ఓర్సుకుంట" అంటున్నాడు.

వాడు చెప్పినట్లే అడుగుతున్నాను.