తేరు ముందు గాలి ఓడ

ఉయ్యూరు,
2-5-1974

ప్రియమైన అన్నయ్యకి,

ఈ ఉదయం అమ్మ కొవ్వొత్తి వెలిగిస్తుంటే అగ్గిపుల్ల తల ఎగిరి చాప మీద పడింది. దులిపేలోపే మచ్చ పడింది.

పండుగనాడు తేరు ముందు నువ్వు చేసిన గాలి ఓడ నడుస్తుందని ఫాదర్‌గారు గుళ్ళో చెప్పారు. రెక్కలు లేకుండా ఎలా లేస్తుందని అందరూ నన్నే అడుగుతున్నారు. పడవను నీళ్ళు మోసినట్టే, తనకన్నా తేలికైన సంచిని గాలి మోస్తుందన్నాను. అందులోని హైడ్రోజన్ మండుతుందని మాత్రం చెప్పలేదు. మా స్కూలు లైబ్రరీలో అలా కాలిపోయిన ఓడ ఫోటో చూశాను. హీలియం మండదు. దొరకదా?

నీ చెల్లెలు,
అమల

ఆటోనగర్,
6-5-1974

ప్రియమైన చెల్లాయికి,

హీలియమా? బెజవాడలో దాని పేరు విన్నవాళ్ళే లేరు. ఓడ ఇరవై అడుగులు. రబ్బరు పూసిన గుడ్డ, ప్రతి కుట్టుకీ జిగురు పట్టించాం. తాడు పట్టుకుని దాని కింద నడిచేది నేనే. కొవ్వొత్తుల మంట కొబ్బరిచెట్టంత ఎత్తుకి ఎక్కుతుందా? టపాసులు ఆ ఒక్కరోజు మానమని అడిగితే, "టపాసుల్లేని తేరేంటయ్యా?" అని నవ్వారు. పుస్తకాలు చదివి భయం పెంచుకోకే.

నీ అన్న,
బాలశౌరి

ఉయ్యూరు,
10-5-1974

అన్నయ్యా,

ఫాదర్‌గారితో చెబుదామని వెళ్ళాను. ఏం కావాలమ్మా అన్నారు. కొవ్వొత్తులని చెప్పి కొనుక్కుని వచ్చేశాను. నావల్ల కాదు. నువ్వే మానెయ్యి.

నీ అమల

ఆటోనగర్,
21-5-1974

చెల్లాయీ,

పండుగనాడు పొద్దున ఎగిరిపోయిన ఓడ దొరికింది. కంకిపాడు దగ్గర తాడిచెట్టుకి చిక్కి చీలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆరు నెలల పని. తేరు వెనక ఖాళీ చేతులతో నడిచాను, నువ్వూ చూశావు.

ముందురోజు సాయంత్రం గ్యాసు నింపాక గుడి గేటుకి కట్టింది జక్కయ్య. షెడ్డు పెట్టిన నాటినుంచీ నాతో ఉన్నవాడు. గట్టిగానే కట్టానని తల్లి మీద ఒట్టేశాడు. "మరి దానంతటదే ఊడిందా?" అని అందరి ముందూ అడిగాను. మళ్ళీ షెడ్డు గడప తొక్కొద్దన్నాను. అతను ఏడ్చాడు. నాకింక పని మీద మనసు లేదు.

నీ అన్న,
బాలశౌరి

ఉయ్యూరు,
24-5-1974

ప్రియమైన అన్నయ్యా,

జక్కయ్యన్నని పిలిపించు. ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించు. తర్వాత నన్నేమన్నా సరే.

పండుగ రోజు పొద్దుటి పూజకి అందరికన్నా ముందు వెళ్ళాను. గేటు దగ్గర ఎవరూ లేరు. ఓడ కదలకుండా ఉంది. దాని కింద నువ్వు నడుస్తున్నట్టే కనిపించింది.

ముడి చాలా గట్టిగా వేశాడు. విప్పేసరికి నా గోళ్ళు రెండు విరిగాయి.

అమల