ఏడు కలిపిన పుస్తకం

జనవరి 6, సోమవారం

ఈ డైరీ రొయ్యల మేత కంపెనీది. కైకలూరులో మా వీధి చివర మేత డీలరు ప్రతి కొత్త సంవత్సరానికీ ఒకటి ఇస్తాడు. ప్రతి పేజీ కిందా మూడు గళ్ళు: మేత ఎంత వేశారు, నీళ్ళెలా ఉన్నాయి, చనిపోయినవి ఎన్ని. నాకు చెరువు లేదు. మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఇన్నాళ్ళూ హలీమా ఈ డైరీలు చించి వంటింటి డబ్బాల అడుగున పరిచేది.

ఈసారి నేను రాస్తున్నాను. కారణం మా అమ్మాయి ఇక్రా. పదో తరగతి, హైస్కూల్లో వొకేషనల్ ఎలక్ట్రికల్ తీసుకుంది. ఏ రోజు ఏం పని నేర్చుకుందో లాగ్ బుక్కులో రాయాలట. రోజూ రాయడానికి ఏముంటుందమ్మా అని నవ్వాను. ఒక్క నెల మీరు రాసి చూడండి నాన్నా అంది. రాస్తాను. దానికి మాత్రం చూపించను.

జనవరి 7

రెండు మోటార్లు కట్టాను. రాయడానికి ఏమీ లేదు. నేనే గెలిచాను.

జనవరి 18, శనివారం

మానస మేడం గారు షాపుకొచ్చారు. ఇక్రా వాళ్ళ వొకేషనల్ ట్రైనరు. బీటెక్. ఆవిడ వయసు నా షాపు వయసుతో సమానం. వచ్చే బుధవారం గెస్ట్ లెక్చర్ ఇవ్వాలట. ఎవరు? నేను. ఎనిమిదో తరగతితో ఆపేసిన మనిషినండీ అన్నాను. ఆవిడ చిరునవ్వు నవ్వి, పని తెలిసినవాళ్ళు క్లాసుకి రావాలని కోర్సులోనే ఉందండీ అన్నారు. ఈ ట్రేడు చదివితే పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది, అప్రెంటిస్ ఉంది అని గోడ నిండా చార్టులు అంటించారట. పిల్లలు చార్టు చూసి చూసి విసిగిపోయారు, ఒక మనిషిని చూపించాలి అన్నారు.

షాపులో సరేనన్నాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

జనవరి 22, బుధవారం. రాత్రి

హలీమా పెళ్ళిళ్ళకి తొడిగే చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. ముప్ఫై ఇద్దరు పిల్లలు. మొదటి బెంచీలో ఇక్రా, పక్కన దాని స్నేహితురాలు శ్రావ్య. నేనెవరో తెలియనట్టు కూర్చుంది మా పిల్ల. అందరితోపాటు లేచి గుడ్ మాణింగ్ సార్ అంది. అంతే, నా నోరు పడిపోయింది.

అదృష్టం కొద్దీ ఒక కాలిన మోటారు పట్టుకెళ్ళాను. దాన్ని బల్ల మీద పెట్టి, వాసన చూడండి అన్నాను. ఒక్కొక్కరే వచ్చి ముక్కు పెట్టి చూశారు. ఈ వాసన గుర్తుంచుకోండి, చెరువు గట్టు మీద ఇది తగిలిందంటే పరుగెత్తి స్విచ్ ఆపాలి అన్నాను. తరవాత కాయిళ్ళు చూపించాను. అన్నీ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైనట్టు. కొన్ని నల్లగా, కొన్ని ఎర్రగా మెరుస్తూ ఉంటే ఒక ఫేజు పోయినట్టు. అక్కడి నుంచి ముప్పావు గంట ఎలా గడిచిందో తెలియలేదు.

ఆఖర్న శ్రావ్య అడిగింది. తీగంతా ఊడబీకేసిన ఖాళీ మోటారు వస్తే ఎన్ని టర్నులు చుట్టాలో ఎలా తెలుస్తుంది సార్ అని. నా పుస్తకం తీసి దూరం నుంచే చూపించాను. ఏ మోటారుకి ఏ గేజి తీగ, కాయిల్‌కి ఎన్ని టర్నులు, అన్నీ ఇందులో ఉన్నాయి అన్నాను. ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మనుషులు తప్పు చెబుతారు గానీ నా పుస్తకం చెప్పదు అని కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఇక్రా ఇంటికొచ్చి, బాగానే చెప్పారు సార్ అంది. ఆ సార్ అన్న మాటకి హలీమా ఇంకా నవ్వుతూనే ఉంది.

జనవరి 23

చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. కొంచెం ఇబ్బందిగా కూడా ఉంది. ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాసుకుంటాను.

నా పుస్తకంలో ఉన్న టర్నులు నిజం టర్నులు కావు. ప్రతి అంకెకీ ఏడు కలిపి రాశాను. 44 అయితే 51. ఇది మా గురువు గారు బాపిరాజు గారు నేర్పిన పద్ధతి. తాడేపల్లిగూడెంలో తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర పని చేశాను. సొంతంగా షాపు పెట్టుకుంటానంటే, పుస్తకంలో నిజం రాయకు, పక్క షాపువాడు టీ తాగే నెపంతో వచ్చి చూసేసి పోతాడు, నీకో అంకె పెట్టుకుని కలుపుకో, అది నాక్కూడా చెప్పకు అన్నారు. ఎవరికీ చెప్పనని ఆయన చేతిలో చెయ్యి వేశాను. అప్పటికి మాకు పెళ్ళయి ఏడు నెలలు. అందుకని ఏడు.

ఈ సంగతి హలీమాకి కూడా తెలియదు.

ఫిబ్రవరి 3, సోమవారం

స్కూలు గోడ వెనక చెరువు రైతు పాత ఏరేటర్ మోటారు ఒకటి స్కూలుకిచ్చాడు. నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిప్పేది. రెండు హెచ్‌పీ. తీగ అంతా ఊడిపోయి ఉంది. ప్రాక్టికల్ పరీక్షకి ఇక్రా, శ్రావ్య దాన్ని కట్టి నడిపించాలి. ఏలూరు నుంచి ఎగ్జామినర్ వస్తారట.

ఇక్రా మొహం వెలిగిపోతోంది. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానంది. స్కూల్లో ఎంట్రన్సుకి ఫ్రీ కోచింగ్ ఇస్తారు. పేర్లు ఇవ్వడానికి ఈ నెల 22 ఆఖరు. మా వంశంలో డిప్లొమా అన్న మాట పలికినవాళ్ళే లేరు. నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

ఫిబ్రవరి 8, రెండో శనివారం

తీగ కోసం ఏలూరు వెళ్ళొచ్చాను. పొద్దున్నే బస్సుకి పరుగెడుతుంటే ఇక్రా గుమ్మంలో అడ్డం నిలబడి పుస్తకం చూసుకోవచ్చా అని అడిగింది. చూసుకో అన్నాను. సాయంత్రం వచ్చేసరికి స్నేహితురాళ్ళిద్దరూ షాపులో మోటారు లోపలి స్లాట్లలోకి కాయిళ్ళు దించుతున్నారు. చుట్టూ తీగ ముక్కలు, తీగ కింద పరిచే లెదరాయిడ్ పేపరు ముక్కలు. నన్ను చూడొద్దన్నారు, ఇది వాళ్ళ పరీక్షట. బయట నుంచే చూసి మురిసిపోయాను.

ఫిబ్రవరి 13, గురువారం

మోటారు పరీక్ష తప్పింది.

నేనూ వెళ్ళాను. స్కూలు వెనక చెరువులో ఏరేటర్‌కి బిగించి స్విచ్ వేశారు. మూలిగింది. తిరిగింది గానీ చక్రాల్లో బలం లేదు, నీళ్ళు బద్ధకంగా లేచాయి. పది నిమిషాలకి మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఎగ్జామినర్ మంచి మనిషి. పని శుభ్రంగా ఉంది, ఎక్కడో కట్టు కుదరలేదు, ఇంకా అలవాటు కావాలి అని పాస్ మార్కులు వేసి వెళ్ళారు.

ఇంటికొచ్చి ఇక్రా ఏడవలేదు. పళ్ళెం ముందు కూర్చుని వేళ్ళు చూసుకుంది. కోసుకుపోయి ఉన్నాయి. ఆఖరి ఆరేడు టర్నులు స్లాట్లలో పట్టలేదు నాన్నా, వెదురు పుల్లతో కూరి కూరి ఎక్కించాను, మీ చేతికైతే పట్టేవి, నా చేతికి రావడం లేదు అంది.

ఆరేడు.

అప్పుడు తెలిసింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పుస్తకంలో 51 కనబడితే నా కళ్ళు 44 అనే చదువుతున్నాయి. ఏడు తీసెయ్యడం నాకు ఊపిరి పీల్చినట్టయిపోయింది. చూసుకో అన్నప్పుడు ఏడు సంగతి గుర్తే రాలేదు. పిల్లలు 51 అని చూసి 51 చుట్టారు. అన్నేసి చుడితే ఏ మోటారుకైనా బలం చచ్చిపోతుంది. వాళ్ళ చేతులది తప్పు కాదు.

చెబుదామని నోరు తెరిచాను. మజ్జిగ పొయ్యమ్మా అన్నాను.

ఫిబ్రవరి 14

చెప్పలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

మానస మేడం గారు ఫోన్ చేశారు. కోచింగ్ లిస్టులో ఇక్రా పేరు వద్దందట. శ్రావ్య కూడా వెనకాడుతోందట. ఇంటర్ సీఈసీలో చేరతానంటోంది, మీరేమైనా అన్నారాండీ అని అడిగారు. నేనేమీ అనలేదండీ అన్నాను. నిజమే కదా. ఏమీ అనకపోవడమే కదా నేను చేసింది.

ఇంట్లో ఇక్రాని అడిగితే, సీఈసీ అయితే చేతులతో పని ఉండదు కదా నాన్నా అంది. కసిగా అనలేదు. అలవాటైపోయిన మాటలా అంది. నాకు కోపం ఎవరి మీదో తెలియక చేతిలో ఉన్న సుత్తి విసిరి గాజు గ్లాసు పగలగొట్టాను. హలీమా చీపురు తెచ్చింది.

ఒకటే అడ్డం. గురువు గారి చేతిలో చెయ్యి వేశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం. రైల్లో

షాపు మూసి తాడేపల్లిగూడెం వెళ్ళొస్తున్నాను. ఏలూరు వచ్చేలోపు ఇది రాసెయ్యాలి.

బాపిరాజు గారు ఉల్లిపాయల మార్కెట్టు వెనక అదే ఇంట్లో ఉన్నారు. ఎనభై నాలుగు. ముందు గుర్తు పట్టలేదు. దగ్గరకొచ్చి నా బొటనవేలి మీద తీగ గీసిన మచ్చ తడిమి, బాషావి నువ్వు అన్నారు. కోడలు గారు కాఫీ ఇచ్చారు. హలీమా ఎలా ఉంది, పిల్లలెందరు అని అడిగారు. ఒక్కతేనండీ, మోటార్లు కడుతుంది అన్నాను. అంత సంతోషం ఆయన మొహంలో నేను పని చేసిన రోజుల్లో కూడా చూడలేదు.

నా పుస్తకం సంగతి ఎత్తేలోపే ఆయనే తన పుస్తకం తెప్పించారు. ఖాకీ అట్ట. రైస్ మిల్లుల మోటార్లు, నలభై ఏళ్ళవి. ఈ డెల్టాలో అలాంటి పుస్తకం ఇంకోటి లేదు. ఒక కాలంలో దాన్ని ముట్టుకోవాలంటే భయపడేవాణ్ణి. నా చేతిలో పెట్టి చూడమన్నారు. పేజీలు తిప్పాను. ఎంత చక్కటి రాత.

"ఎంత కలిపానో మర్చిపోయాను బాషా," అన్నారు. "పదకొండు అనిపిస్తుంది ఒకరోజు, పదమూడు అనిపిస్తుంది ఇంకోరోజు. ఇప్పుడిందులో ఒక్క మోటారు కూడా లేదు."

నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆయనకి రాలేదు. చెయ్యి వేసిన మాట వెనక్కి తీసుకోవడానికి అనుమతి అడుగుదామని వచ్చానండీ అన్నాను. మా అమ్మాయి సంగతి అంతా చెప్పాను. పిల్ల వేళ్ళు కోసుకుంటే రైలెక్కి నన్ను అడగడానికొచ్చావా, బుద్ధి లేదా అని తిట్టారు. తొమ్మిదేళ్ళలో తిన్న తిట్లన్నింటిలోకీ అదే తియ్యగా ఉంది.

ఏలూరు వచ్చేసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

నిన్న ఇంటికి వెళ్ళగానే ఇక్రాని కూర్చోబెట్టి చెప్పాను. పుస్తకం ముందు పెట్టి, 51 మీద వేలు పెట్టి, ఇది 44 అమ్మా, ప్రతి పేజీ ఇంతే అన్నాను. తప్పు నాది, ఐదు రోజులుగా తెలిసి కూడా నోరు మూసుకున్నాను అన్నాను.

ఇక్రా పుస్తకం కేసి చూసింది. తరవాత రెండు చేతులూ దీపం వెలుగులో పెట్టి చూసుకుంది.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయా నాన్నా?" అంది.

నా చేతుల కన్నా బాగున్నాయి అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. హలీమా మాత్రం, ఇన్ని అంకెలుండగా ఏడే ఎందుకండీ అని అడిగింది. చెప్పాను. అన్నం మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నం అప్పటికే దించేసి ఉంది.

ఇక్రాకి ఇంకా కోపం పోలేదు. నాతో మాట్లాడాలంటే ఒక షరతు పెట్టింది. క్లాసులో పుస్తకం అబద్ధం చెప్పదని అన్నారు కదా, క్లాసులోనే చెప్పాలి అంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

రెండో గెస్ట్ లెక్చర్. ఈసారి మామూలు చొక్కా. నిన్నా మొన్నా పిల్లలిద్దరూ ఆ మోటారు ఊడదీసి 44తో మళ్ళీ కట్టారు. అందరం చెరువు గట్టు మీదకి వెళ్ళాం. శ్రావ్య స్విచ్ వేసింది. నీళ్ళు మనిషెత్తు లేచి మా మీదే పడ్డాయి. మానస మేడం గారి చీర తడిసింది. గంట తరవాత మోటారు మీద అరచెయ్యి పెట్టి ఉంచాను. గోరువెచ్చగా ఉంది.

అక్కడే నిలబడి చెప్పాను. నా పుస్తకం అబద్ధం, ఆ అబద్ధం వల్ల మీ స్నేహితురాళ్ళు తమ చేతుల్నే అనుమానించారు, క్షమించండి అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. వెనక నుంచి ఒకమ్మాయి, మిగతా పేజీల సంగతేంటి సార్ అంది.

ఇక్రా నాకు తువ్వాలు ఇచ్చింది. సార్ అనలేదు.

ఫిబ్రవరి 22

లిస్టులో రెండు పేర్లూ ఇచ్చారు.

మార్చి 9, ఆదివారం

మిగతా పేజీల సంగతి చూస్తున్నాం. కొత్త లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. నేను చదువుతాను, ఇక్రా రాస్తుంది. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నాయి, రోజుకి అరగంటే అంటే వినదు. రంజాన్ ఉపవాసంలో నా గొంతు ఎండిపోతుంటే మీరు ఆగండని తనే చదువుతుంది. నాలుగు పేజీల దగ్గర ఏడు కలిపానో లేదో నాకే గుర్తు లేదు. అక్కడ ప్రశ్న గుర్తు పెట్టింది. ఆ మోటారు వచ్చినప్పుడు విప్పి లెక్కపెడదాం, సిగ్గు పడకండి అంది.

పూర్తయ్యాక జిరాక్స్ తీసి ఒకటి స్కూల్లో పెడతారట. పక్క షాపువాడు చూస్తాడేమో అన్నాను. చూడనీండి నాన్నా, వాళ్ళమ్మాయి మా క్లాసే అంది.

ఏప్రిల్ 6

కొత్త పుస్తకం మొదటి పేజీలో ఇలా ఉంది:

2 హెచ్‌పీ ఏరేటర్ మోటారు. 36 స్లాట్లు. గేజి 21. టర్నులు 44.
కట్టినవారు: ఇక్రా, శ్రావ్య.
కలిపింది: ఏమీ లేదు.