మొసలి కథ ముగింపు నాది కాదు

పిల్లల పుస్తకాలు రాసి బతికిన, డెబ్బై నాలుగేళ్ల వయసు గల, వీధంతా కథలత్త అని పిలిచే నేను, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో రాసిన వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. జీవితమంతా కుందేళ్ల చేత మాట్లాడించిన మనిషికి అలాంటి కాగితం ఇవ్వడానికి కాస్త తటపటాయించాడనుకోండి. ఇంతకుముందు నేను వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా ఒకటి పట్టుకొస్తే, అందులో అక్షరదోషాలు లేకపోతే అది నాది కాదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలిది. వకీలు. ఇందులో వేళాకోళాలన్నీ తీసెయ్యమని పోరింది. తియ్యలేదు.

1. నాకొచ్చిన జ్ఞాపికలు ఇరవై రెండూ నా తదనంతరం మా తమ్ముడికి చెందాలి. అక్కకి పెద్దవాళ్ల కోసం రాయడం ఇంకా చేతకాలేదని వాడు నలభై ఏళ్లుగా కనబడ్డవాళ్లందరికీ చెప్పుకు తిరిగాడు. ఇకపై వాటి దుమ్ము దులిపే సర్వహక్కులూ వాడివే. అయితే నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల రోజులు మంచం పక్కనే కూర్చుని, నేను చెబుతుంటే ఒక పుస్తకం మొత్తం రాసిపెట్టింది కూడా వాడే. కనక నా రాతబల్ల కూడా వాడికే. దాని కాలొకటి పొట్టి. అట్టముక్క మడిచి పెట్టుకోవాలి.

2. నా మొదటి పుస్తకం రాతప్రతి, దాన్ని అచ్చుకి దిద్దిన సంపాదకుడికి. నేను రాసిన నక్క కోడిని తిని హాయిగా నిద్రపోయింది. అచ్చులో చూస్తే కన్నీళ్లు పెట్టుకుని గడ్డి నములుతోంది. ఆయన అసలు నక్కని ఒకసారి తీరిగ్గా చదువుకోవాలని నా కోరిక.

3. మేడమీద గది, అందులోని పుస్తకాలు, చాపలు, అక్కడ నేను నడిపే శనివారం రాతబడి పిల్లలకి. షరతులు: కథలో నీతి ఏమిటని అడిగిన పెద్దవాళ్లని మేడ దింపి కింద కూర్చోబెట్టాలి. ఎర్రసిరా వాడరాదు. ఎంత చెత్తగా రాసినా చివరిదాకా చదవనివ్వాలి. ఒకరి వాక్యం ఇంకొకరు తీసుకుంటే కింద పేరు రాయాలి. ఈ చివరి షరతు ఎందుకో కింద చెబుతున్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదు, సిగ్గేసి.

4. నీళ్లంటే భయపడే మొసలి పుస్తకం మీది హక్కులన్నీ, మార్కెట్ పక్కన కళ్లద్దాల దుకాణం నడిపే ఆవిడకి. ఆవిడ తొమ్మిదేళ్లప్పుడు మా రాతబడికి వచ్చేది. తనలో తను గొణుక్కుంటూ రాసేది కాబట్టి గొణుగుడు పిల్ల అనేవాళ్లం. అప్పటికి ఎనిమిది నెలలుగా ఆ కథకి ముగింపు దొరక్క జుట్టు పీక్కుంటున్నాను. పిల్లలకి చదివి వినిపిస్తే ఆ పిల్ల అంది: "మొసలికి ధైర్యం రానక్కర్లేదత్తా. వాన పడితే నీళ్లే దాని దగ్గరికి వస్తాయి."

అలాగే రాశాను. నా పేరుతో అచ్చయింది, బహుమతొచ్చింది. మరుసటేడు ఆ పిల్ల పుస్తకం పట్టుకొచ్చి, ఇది నేను చెప్పిందే కదా అని అడిగింది. మాటలు గాలిలో తిరుగుతుంటాయమ్మా, ఎవరికి తగిలితే వాళ్లవి అన్నాను. పిల్లల్ని ప్రోత్సహించే గొప్ప రచయిత్రిని మరి. పుస్తకం బల్లమీద పెట్టి మెట్లు దిగిపోయింది. మళ్లీ రాలేదు. కథ కూడా మళ్లీ రాయలేదట.

పోయిన ఏడాది కళ్లద్దాలు విరిగి ఆ దుకాణానికి వెళ్లాను. ఎదురుగా ఉన్నావిడ నంబర్లు గొణుక్కుంటూ రాసుకుంటోంది. ఆ గొణుగుడు గుర్తుపట్టాను. గోడమీది అక్షరాలు సగం చదివి ఆపి, ఆ ముగింపు నీదేనమ్మా, దొంగిలించాను అని చెప్పాను. మిగతా సగం కూడా చదవమంది. చదివాను. నంబరు రాసుకుని, అప్పుడంది: "ఆ ముగింపు నాకిప్పుడు నచ్చడం లేదత్తా. వాన కోసం అలా కూర్చోవడమేంటి? నడిపించాలి."

పదిహేను రోజులకి అద్దాలతో పాటు నాలుగు కాగితాలు ఇచ్చింది. కొత్త అద్దాలతో మొదట చదివింది అవే. మొసలికి భయం పోలేదు. భయపడుతూనే, తిట్టుకుంటూనే నీళ్లలోకి దిగింది. నాకు ఒళ్లు మండింది, అంత బాగుంది.

బహుమతొచ్చిన పుస్తకాన్ని ముట్టుకోకూడదని ప్రచురణకర్త అంటున్నాడు. కనక ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, కొత్త ముగింపుతో, ఆవిడ పేరు ముందు, నా పేరు వెనక వేస్తేనే అచ్చు వెయ్యాలి. లేదా మానుకోవాలి.

5. నా సంతాపసభలో ఉపన్యాసాలు వద్దు. ఎవరైనా ఒక పిల్ల తను రాసింది చదవాలి. అందరూ నోరు మూసుకుని వినాలి.

రెండు వేల ఇరవై నాలుగు, జూన్ పదకొండు, మంగళవారం.

(సంతకం) కథలత్త

సాక్షులు:
ఎదురింటి పళ్ల డాక్టరు. చదవకుండానే సంతకం పెట్టాడు.
వీధి చివర కుట్టుపని చేసే ఆవిడ. రెండుసార్లు చదివి, నీళ్లలోకి దిగాక మొసలి ఏమైందని అడిగి, నేను చెప్పాకే సంతకం పెట్టింది.