ఆంటీ చేసిన బోణీ

దిల్‌సుఖ్‌నగర్,
9 నవంబరు 2025, ఆదివారం.

చిరంజీవి అమలకు,

హాస్టల్ ఆంటీ యాదలక్ష్మి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు, ఒక నీళ్ల మోటారు క్షేమం. మోటారు క్షేమం అన్నది నిన్నటి మాట, ఈ రోజు సంగతి ఇంకా చూడలేదు. మన్సూరాబాద్‌లో నీ కొత్త ఫ్లాటులో నువ్వు, నీ లిఫ్టు కూడా క్షేమమని తలుస్తాను. దీవించి అన్న మాట పద్ధతి కోసం రాశాను. కింద తిట్లున్నాయి, కూర్చొని చదువు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఏంటండీ ఆంటీ విశేషాలు" అని సాగదీస్తావు, నా నోరు ఊరుకోదు, ఏదో ఒక వేళాకోళం ఆడుతుంది, నువ్వు నవ్వుతావు, నేనూ నవ్వుతాను, అసలు సంగతి అక్కడే చల్లారిపోతుంది. ఎనిమిది నెలలుగా అదే నడుస్తోంది. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఈ కాగితం నింపడానికి రెండు రోజులు పట్టింది. కాగితం మీద నవ్వు రాదు, అదొక లాభం.

సోమవారం పొద్దున పిల్లలకు ఉప్మా పెట్టి, టీ గ్లాసు పట్టుకొని, అలవాటు కొద్దీ ఫోన్‌లో నువ్వు కట్టిన "గేటు తాళం" ఆట తెరిచాను. ఆట రాలేదు. ఒక నీలం పలక వచ్చింది. ఇక నుంచి ఈ ఆటకు నెలకు నూట నలభై తొమ్మిది రూపాయలట. ఇదివరకు ఒక్కసారి నూట తొంభై తొమ్మిది పెట్టి కొన్నవాళ్లకు ఎప్పటిలాగే నడుస్తుందట. కొననివాళ్లకు ఏవో నాలుగు కార్డులు మాత్రం ఉచితంగా చూపిస్తారట. నన్ను తీసుకెళ్లి కొననివాళ్ల వరసలో నిలబెట్టింది. బోణీ చేసిన చెయ్యిని.

పలకను కిందికి జరిపితే తాళం బొమ్మ వేసిన కార్డులు కనిపించాయి. అన్నిటికంటే ముందున్నది నేను. నడుము మీద ఒక చెయ్యి, రెండో చేతిలో గరిటె, పైన "ఆంటీ" అని పేరు, మొహం మీద తాళం. మా బిల్డింగు ఓనరు రామమోహనరావు సంగతి నీకు తెలుసు, మెట్ల మీది బల్బుకు కూడా కిరాయి అడిగే మనిషి. ఆయన కూడా ఇన్నేళ్లలో నా మొహం నేను అద్దంలో చూసుకున్నందుకు పైసలు అడగలేదు. నువ్వు అడిగావు.

కొత్త కొలువులో పాత సంగతులు మర్చిపోయి ఉంటావు. గుర్తు చేస్తాను.

కరోనా వచ్చిన ఏడాది హాస్టల్ మొత్తం ఖాళీ అయింది. ఒంగోలు నుంచి బ్యాంకు కోచింగుకు వచ్చిన నువ్వు బస్సులు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్నావు. నాలుగంతస్తుల బిల్డింగులో మనిద్దరమే. గేటు కింద నుంచి కోచింగ్ సెంటర్లవాళ్లు తోసిన పాంప్లెట్లు ఒక గోనెసంచి నిండా ఉంటే, వెనక తెల్లగా ఉంది కదా అని డాబా మీద కూర్చొని కార్డులుగా కత్తిరించావు. నా జాకెట్ల కత్తెర మొండిదైపోయింది. ఇద్దరికీ మొదట చెరి పది పనికిరాని కార్డులు ఇచ్చావు. నీళ్ల చారు, విరిగిన బకెట్టు, చిరిగిన నోట్సు, అలాంటివి. కట్టలోంచి ఐదేసి తీసి ఆడాలి, వాటితో మంచి కార్డులు కొని కట్టలో కలుపుకోవాలి, మోటారు కాలిపోయినా పరీక్ష వాయిదా పడినా తట్టుకొని, రాత్రి తొమ్మిదిన్నరకు గేటుకు తాళం పడేలోపు రోజు గట్టెక్కాలి.

నువ్వు కనిపించిన కార్డల్లా కొనేదానివి. నేను నిన్ను వరసగా ఏడుసార్లు ఓడించాను. ఎట్లా ఆంటీ అని అడిగితే, వంటింట్లో గిన్నెలు ఎక్కువైతే వండేది తక్కువ తోమేది ఎక్కువ, కట్ట సన్నగా ఉంటేనే మంచి కార్డు మళ్లీ మళ్లీ చేతికొస్తుంది, పనికిరానిది బయట పారేసే దారి పెట్టు అన్నాను. నువ్వు నా మొహం కాసేపు చూసి, ఒక పాంప్లెట్ ముక్క మీద నా బొమ్మ గీశావు. ఆ కార్డు పడితే చేతిలో ఉన్న పనికిరాని కార్డును ఒకదాన్ని శాశ్వతంగా పారెయ్యవచ్చు. ఆటలో అంతకంటే బలమైన కార్డు లేదని పిల్లలంతా అంటారు. ఇన్నాళ్లకు దాన్ని నువ్వు నా మీదే ఆడావు.

బ్యాంకు పుస్తకాలు మూలన పడేసి రెండేళ్లు ఆ ఆటను కంప్యూటర్‌లో కట్టావు. మీ నాన్న సాంబమూర్తిగారు ఫోన్ చేసినప్పుడల్లా ఎవరు అబద్ధమాడారు? "బిడ్డ చదువుల పడి తల గూడ దువ్వుకుంటలేదు సార్" అని చెప్పింది నేను. చెప్పాపెట్టకుండా ఆయన దిగిన రోజు నీ కంప్యూటర్ మీద లెక్కల పుస్తకం బోర్లించి, లోపల ఆన్‌లైన్ పరీక్ష నడుస్తోంది, దగ్గితే మార్కులు పోతాయని భయపెట్టి, పాపం ఆ పెద్దమనిషిని గంటసేపు దగ్గకుండా వరండాలో కూర్చోబెట్టింది నేను. ఆయన దగ్గు ఆపుకొని ఆపుకొని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ పాపం నా ఖాతాలోనే ఉంది, నీకు వంతు పంచలేదు.

తర్వాత ఆట అమ్మకానికి పెట్టిన రోజు. మెస్సులో స్టూలెక్కి నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒక్కసారి కొంటే చాలండీ. ఇంకెప్పుడూ ఎవర్నీ పైసా అడగను. ఆంటీ మీద ఒట్టు" అన్నావు. నా నెత్తి మీద చెయ్యి కూడా పెట్టావు. మన బస్టాండు ముందు గాజులమ్మేవాళ్లు, చెప్పులమ్మేవాళ్లు ఎవరూ ఒట్లు పెట్టుకోరే, సరుకు చూపిస్తారు అంతే అని అప్పుడే అన్నాను. వినలేదు. సరే, అమ్మకం అన్నాక బోణీ ముఖ్యం, బోణీ చేసిన చెయ్యి మంచిదైతే సరుకు సంచి ఖాళీ అవుతుందని చెప్పి నా ఫోన్ నీకు చూపించాను. డబ్బు కట్టిన పచ్చ టిక్కు చూసి, ఫోన్‌తో సహా నా చెయ్యి పట్టుకొని కళ్లకు అద్దుకున్నావు. ఆ తర్వాత ఎంతమందికి చెప్పావు, నా మొదటి బోణీ ఆంటీదేనని. నీ కొత్త కంపెనీవాళ్లకు కూడా చెప్పావని విన్నాను. మరి వాళ్లు నా తలుపుకు తాళం వేస్తుంటే ఆ మాట నీ నోట్లోంచి ఎందుకు రాలేదు?

మార్చి నెలలో స్వీటు డబ్బాతో వచ్చి, ఆటను పెద్ద కంపెనీ తీసుకుందని, నీకు అందులోనే ఉద్యోగమని చెప్పావు. ధర పెంచుతారా అని అడిగాను. "ఏం మారదాంటీ, నేను లోపలే ఉంటాను కదా" అన్నావు. లోపల ఉండి ఏం చేశావు? నీలం పలకకు రంగు ఎంచావా?

సోమవారమే నీకు ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి పంపాను. బోణీ చేసినదాన్ని, నన్నెందుకు బయటపెట్టారని. సాయంత్రానికి జవాబు వచ్చింది. రెండు చేతులు జోడించిన బొమ్మ, కింద సహాయ కేంద్రం లింకు. సహాయ కేంద్రం. నీకు జ్వరమొస్తే నేను దవాఖాన అడ్రసు పంపి ఊరుకున్నానా? తడిగుడ్డ వేసి పక్కన కూర్చున్నాను. ఆ లింకు నొక్కితే ఇంగ్లీషులో ఏదో అడిగింది, కొన్న రోజు రసీదు పెట్టమని. మూసేశాను.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. రాత్రి అన్నాలయ్యాక మెస్సులో అందరూ ఫోన్లు పట్టుకొని ఒకరి మీద ఒకరు ఆడేవాళ్లు. "ఓడినోళ్లు ప్లేట్లు తోమాలె" అని పందెం. ఇప్పుడు పాతవాళ్లు ఏడుగురు ఆడుతుంటే మిగతావాళ్లు వాళ్ల భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. రెండు రోజులు చూస్తారు, మూడో రోజు లేచి గదుల్లోకి పోతారు. యాచారం నుంచి కొత్తగా వచ్చిన పద్మలత అని ఒక పిల్ల ఉంది, ఉచితంగా వచ్చే నాలుగు కార్డులతో కుస్తీ పడుతోంది. నిన్న నన్నే అడిగింది, "అందరు ఆంటీ కార్డు ఆంటీ కార్డు అంటున్నరు, గదేంది ఆంటీ" అని. నన్ను నేనే పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. నేను చెబితే అది నమ్మలేదు కూడా. "జర ఆగుండ్రి, మీరు మస్తు మజాకు చేస్తరంట గద" అని పోయింది.

కాబట్టి అమలా, నా కార్డు మీద తాళమన్నా తియ్యి, కార్డులో నా మొహమన్నా తియ్యి. రెండూ ఉంచుతానంటే కుదరదు. నేను అందరినీ ఆటపట్టించే మనిషినే, లేదనను. ఉప్పు డబ్బాలో చక్కెర పోశాను, లేని టెస్టుకు హాల్ టికెట్లు వచ్చాయని పరుగెత్తించాను. కానీ పొద్దున చేస్తే సాయంత్రానికి ఒప్పుకున్నాను. నువ్వు నెత్తి మీద చెయ్యి పెట్టి అన్న మాటను మూడేళ్లకు మార్చి, చెప్పడానికి నీలం పలకను పంపావు. మూడు స్టేషన్ల దూరమే, మెట్రో ఎక్కి వచ్చి నా మొహం మీద చెప్పి ఉంటే తిట్టి అన్నం పెట్టేదాన్ని.

తిట్లు ఇంకా ఉన్నాయి, కాగితం అయిపోయింది.

ఇట్లు,
నీ మాట నమ్మినందుకు బయట నిలబడ్డ
యాదలక్ష్మి

తా.క. (మంగళవారం)

ఉత్తరం సంతోషికి ఇచ్చాను. నీ పాత రూమ్మేటే, ఇప్పుడు ఎల్బీనగర్ దవాఖానలో నర్సు. డ్యూటీకి పోతూ నీ ఇంట్లో ఇవ్వమన్నాను, ముందు తప్పులుంటే దిద్దమన్నాను. అది మొత్తం చదివి, "తప్పులంటే అక్షరాలేనా ఆంటీ" అని అడిగింది.

అందుకని రాస్తున్నాను. ఆ రోజు నేను కొనలేదు. నీకు చూపించిన పచ్చ టిక్కు పొద్దున గ్యాసు బండకు కట్టినది. పైసలు ఎవరికి పోయాయో ఆ పేరు మీద, అంకె మీద బొటనవేలు పెట్టి చూపించాను. పొద్దుటి నుంచి నువ్వు ఫోన్ వైపు చూస్తూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నవ్వించుదామని చేశాను. గంతేస్తావు, అప్పుడు వేలు తీసి గ్యాసు బండ చూపిద్దామనుకున్నాను. నువ్వు గంతెయ్యలేదు, కళ్లకు అద్దుకున్నావు. వేలు తియ్యలేకపోయాను. మర్నాడు నిజంగానే కొనాలనుకున్నాను. మర్నాడు సంతోషి కొనుక్కొని, తన ఖాతానే నా ఫోన్‌లో కూడా పెట్టింది, ఆట నడిచింది, నేను మర్చిపోయాను. మర్చిపోవడం కూడా కాదు, ఒకే మాటను పదిమందికి చెబుతుంటే నాకే నిజమనిపించింది. ఇప్పుడు ఒక ఖాతాకు ఒకే ఫోన్ అని పెట్టారట, నాది, ఇట్లాగే ఖాతా పంచుకున్న పిల్లలవి ఊడిపోయాయి.

సంతోషి ఇంకో మాట చెప్పింది. "అమ్మినోళ్లకు లెక్క కనబడ్తది ఆంటీ. ఫస్టు దినం సున్నా, మీరు ఫోన్ చూపినంక గూడ సున్ననే. అమలక్క నాకు గా పూటే చెప్పింది. ఆంటీకి మాత్రం అనకు, ఆమె ముఖం చూడలేనన్నది" అని.

సహాయ కేంద్రం లింకు ఎందుకు పంపావో ఇప్పుడు తెలిసింది. మీరు కొనలేదు కదా ఆంటీ అని రాయలేక పంపావు.

నిన్న సంతోషిని పక్కన కూర్చోబెట్టుకొని కొందామని చూశాను, ఈసారి వేలు అడ్డం పెట్టకుండా. నెలకు కట్టేది ఉంది, ఏడాదికి కట్టేది ఉంది. ఒక్కసారి కొనేది ఎక్కడా లేదు. తీసేశారట. మూడేళ్లు ఆలస్యంగా బోణీకి వస్తే ఆ సరుకే అమ్మడం మానేశారు. నెలనెలా అయితే కట్టను. నా అబద్ధం వల్ల నువ్వు ఒట్టు తప్పడం ఒప్పైపోదు, పైన రాసిన తిట్లలో బోణీ మాటలు తప్ప మిగతావన్నీ నీవే, ఉంచుకో.

ఒక్కటి మాత్రం నాకు రాయి. నేను నిన్ను ఆటపట్టించాననుకుంటే, మూడేళ్లుగా నువ్వు నన్ను ఆటపట్టించావు, అది సరే. కానీ ఆ మధ్యాహ్నం ఫోన్ కళ్లకు అద్దుకొని, ఆకలేస్తోంది ఆంటీ అని కంచం తెచ్చుకొని, పప్పుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి నా చేత వడ్డించుకొని తిన్నావు. సున్నా అని తెలిసి కూడా ఎట్లా తిన్నావు, అమలా?