పూజ అయ్యాక షుగర్ పరీక్ష

మరియమ్మ వదినా,

ఆదివారం. ఇల్లు కడిగాను, దుప్పట్లు ఉతికాను, వీధి వాళ్ళందరికీ ఇడ్లీలు వేశాను.

మన భవానీపురంలో షుగర్ పరీక్ష ఎప్పుడూ చర్చిలో మీ ఆదివారం పూజ వేళకే పెట్టేవారు. నువ్వు రాలేకపోయేదానివి. జబ్బు ముదిరాక గానీ తెలియలేదు, నువ్వు దక్కలేదు. ఈసారి వీధి ఆడవాళ్ళం, ఫాదర్ గారు, నర్సమ్మ కలిసి కూర్చుని మాట్లాడుకున్నాం. పూజకి ఎలాగూ పరగడుపునే వస్తారు కనుక, అది అవగానే చర్చి వాకిట్లోనే పరీక్ష పెట్టాం.

మీ ఆయన తప్పించుకోబోయారు. “నాకేం జబ్బమ్మా, గుండ్రాయిలా ఉన్నాను.”

“గుండ్రాయికీ చూస్తారు అన్నయ్యగారూ, చెయ్యివ్వండి” అన్నాను.

షుగర్ ఉంది. మొదట్లోనే తెలిసింది, మాత్రలతో అదుపులో ఉంటుందని డాక్టరు గారు చెప్పాకే ఆయనకి ఇడ్లీలు వడ్డించాను.

ఆయన్ని కనిపెట్టుకుని ఉంటానని ఆసుపత్రిలో నీకు మాటిచ్చాను. ఆ బాకీ ఇవాళ్టికి తీరింది.